పాడేరు ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసరు గారికి: కొండమీది యంత్రాలు లేచే వరుస గురించి

పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ప్రాజెక్టు ఆఫీసరు గారికి,



ఏజెన్సీ మండలాల బడులకు, రేషన్ డిపోలకు, ఆసుపత్రులకు ఇకమీదట కొనే యంత్రాల టెండరు షరతుల్లో ఒక పరీక్షను చేర్చమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. పరీక్ష చిన్నదే. సిమ్ తీసేయాలి, నెట్ కేబుల్ పీకేయాలి, కరెంటు ఆపి మళ్లీ ఇవ్వాలి. ఆ తర్వాత ఎవరి చెయ్యీ పడకుండా ఆ యంత్రం సరైన తేదీతో, తన భాగాలన్నిటితో లేచి నిలబడుతుందో లేదో చూడాలి. ఒకసారి చూసి సరిపెట్టకూడదు, కొన్ని వందల సార్లు చూడాలి. విశాఖపట్నంలో గాని హైదరాబాద్‌లో గాని సాధారణంగా ఎవరికీ తట్టని పరీక్ష ఇది. అక్కడ దీని అవసరం పెద్దగా రాదు. మీ దగ్గర రోజూ వస్తుంది.

నేను కెర్నల్ మీద పనిచేసే ఇంజినీరుని. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. కరెంటు రాగానే మెమరీని, గడియారాన్ని, డిస్కును, తెరను, రేడియోను ఒక్కొక్కటిగా లేపి పనికి పెట్టేది అదే. ఐటీడీఏకి ఈ గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఒకసారి లెక్క చూడండి. పిల్లల చేతిలోని ఆండ్రాయిడ్ ట్యాబ్ లోపల ఉన్నది లినక్స్ కెర్నల్. తరగతి గది గోడమీది ఇంటరాక్టివ్ ప్యానెళ్లలో (ఐఎఫ్‌పీ) చాలావాటిది కూడా అదే. సౌరఫలకం కింద నిలబడి వానను, గాలిని కొలిచే పెట్టెల్లో, ఇంటర్నెట్ తెచ్చే రౌటర్లలో ఎక్కువ భాగం దానిమీదే నడుస్తున్నాయి. అరకులోయ నుంచి ముంచంగిపుట్టు దాకా, జి.మాడుగుల నుంచి సీలేరు దాకా ప్రభుత్వం పేరు మీద రోజూ లేచి పడుకునే కెర్నళ్లు కొన్ని వేలుంటాయి. అవి ఏ వరుసలో లేస్తున్నాయన్నది మీ పాలనకు సంబంధించిన విషయమే.

ఒక కేసు చెబుతాను. ఊరి పేరు, బడి పేరు, సరఫరా చేసినవారి పేరు రాయను. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ తప్పు చాలామంది చేసేదే.

అది కొండమీది ఆశ్రమ పాఠశాల. అక్కడ ఒక చిన్న పెట్టె ఉంది. పాఠాల వీడియోలన్నీ అందులోనే ఉంటాయి. ఇంటర్నెట్ లేకపోయినా పిల్లలు వైఫై మీద ట్యాబులతో వాటిని చూసుకుంటారు. హాజరు, పరీక్ష మార్కులు కూడా అందులోకే ఎక్కుతాయి. సిగ్నల్ దొరికిన రోజు అవన్నీ పైకి వెళతాయి. ఆలోచన చక్కగా ఉంది, పిల్లలకు ఇష్టం కూడా. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పెట్టెలో తేదీ 1970 జనవరి 1కి, సమయం ఉదయం 5:30కి వెళ్లిపోయేది. కంప్యూటర్లు సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టే క్షణం అదే. గ్రీనిచ్ సమయం ప్రకారం అర్ధరాత్రయితే మనకు తెల్లవారి ఐదున్నర. ఆ తేదీతో హాజరు వేస్తే పిల్లలు పుట్టకముందే బడికి వచ్చినట్టు నమోదయ్యేది. లాగిన్ పేజీ తెరుచుకునేది కాదు. భద్రతా సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ట్యాబు మొరాయించేది. మాస్టారు పొద్దున్నే వచ్చి, ఫోను చూసి, తేదీని చేత్తో సరిచేసి, ఆ తర్వాతే ప్రార్థనకు వెళ్లేవారు. గాలివానలో ఘాట్ రోడ్డు పక్కన ఏ చెట్టు తీగలమీద పడినా అదే పని మళ్లీ మొదలు.

గడియారపు బ్యాటరీ అయిపోయిందన్నారు. రూపాయి బిళ్లంత ఆ బ్యాటరీని మార్చారు, మళ్లీ మార్చారు. ఆ తర్వాత గడియారం చిప్పే చెడిపోయిందనుకుని బోర్డు మార్చారు. నేను చూసేసరికి బ్యాటరీ, చిప్పు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. చిప్పులో ఉన్న సమయం సెకనుతో సహా సరైనదే. అంత సరైన సమయం పక్కనే ఉండగా కెర్నల్ దాన్ని ఎందుకు తీసుకోలేదో, యంత్రం లేస్తూ రాసుకునే బూట్ లాగ్‌లో రెండు వరుసలు చెప్పాయి. మొదటి వరుసలో, గడియారం నుంచి సమయం తీసుకోవలసిన భాగం ఆర్‌టీసీ జీరో అనే పరికరాన్ని తెరవలేకపోయానని రాసి ఊరుకుంది. అర సెకను గడిచాక వచ్చిన వరుసలో గడియారం డ్రైవర్, అంటే ఆ చిప్పును నడిపే ప్రోగ్రాం, తాను ఆర్‌టీసీ జీరోగా నమోదయ్యానని రాసింది. అడిగినవాడు ముందొచ్చాడు, ఇచ్చేవాడు వెనకొచ్చాడు. అడిగినవాడు మళ్లీ అడగలేదు.

అదే పెట్టెను సరఫరాదారు ఆఫీసులో ఆన్ చేస్తే తేదీ ఎప్పుడూ తప్పలేదు. అక్కడ నెట్ ఉంది. లేచిన కొద్ది సెకన్లలోనే ఇంటర్నెట్‌లోని సమయ సర్వర్‌ను అడిగి అది తన తప్పు దిద్దుకునేది. తప్పు జరిగిందన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు. సిగ్నల్ లేని కొండమీదే అది బయటపడింది. మైదానంలో నెట్ కప్పేసిన తప్పులను మీ ప్రాంతం కప్పిపుచ్చదు. అందుకే ఆ పరీక్ష సిమ్ తీసేసి చేయమంటున్నాను.

ఈ తప్పు ఎలా పుడుతుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఇది తెలిస్తే సరఫరాదారు చెప్పే జవాబుల్లో ఏది మందో, ఏది మభ్యపెట్టడమో మీరే పోల్చుకోగలరు.

లినక్స్ కెర్నల్‌లో ప్రతి భాగానికీ ఒక ప్రారంభ ఫంక్షన్ ఉంటుంది. అలాంటివి వందల కొద్దీ. కరెంటు వచ్చాక కెర్నల్ వాటన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి పిలవాలి. ఎవరిని ముందు పిలవాలో తేల్చడానికి వాటిని అంతస్తులుగా విడగొట్టారు. కోర్, పోస్ట్‌కోర్, ఆర్చ్, సబ్‌సిస్టమ్, ఫైల్‌సిస్టమ్, డివైస్, అన్నిటికంటే చివర లేట్. కింది అంతస్తు పూర్తయ్యాకే పై అంతస్తు. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఒకే అంతస్తులో ఉన్నవాటి మధ్య. వాటిలో ఎవరు ముందు అన్నది, కెర్నల్‌ను కట్టేటప్పుడు మేక్‌ఫైల్ అనే జాబితాలో ఎవరి పేరు ముందుందో దాన్ని బట్టి తేలుతుంది. ఒక డ్రైవర్‌కు ఇంకో డ్రైవర్ కావాలన్న నిజం ఎక్కడా రాసి ఉండదు. పేర్ల వరుస అనుకోకుండా కలిసొచ్చినంత కాలం యంత్రం నడుస్తుంది.

చాలా ఏళ్లపాటు ఇంజినీర్లు దీన్ని నెట్టుకొచ్చిన తీరు ఒకటే. నా డ్రైవర్ ముందు లేవాలి, కాబట్టి దాన్ని కింది అంతస్తుకు దించుతాను. చిప్పులకు కరెంటు ఇచ్చే రెగ్యులేటర్ల డ్రైవర్లు, చిప్పులు మాట్లాడుకునే ఐ-టూ-సీ బస్సు డ్రైవర్లు చాలావాటిని అలాగే డివైస్ అంతస్తు నుంచి సబ్‌సిస్టమ్ అంతస్తుకు దించారు. ఆ తర్వాత ఇంకెవరో వాటికంటే ముందు లేవవలసిన దాన్ని మరో మెట్టు దించారు. ఒక బోర్డు మీద కుదిరిన వరుస ఇంకో బోర్డు మీద కుదిరేది కాదు. రెగ్యులేటర్‌ను నడిపే జీపీఐఓ కాలు (పిన్) ఒక బోర్డులో ప్రాసెసర్ లోపలే ఉంటుంది, ఇంకో బోర్డులో ఐ-టూ-సీ బస్సు చివరన వేలాడే చిన్న చిప్పులో ఉంటుంది. అంటే మొదటి బోర్డులో రెగ్యులేటర్ తర్వాత బస్సు లేచినా ఫరవాలేదు. రెండో బోర్డులో బస్సు లేవనిదే రెగ్యులేటర్ లేవదు. రెండిటికీ సరిపోయే ఒకే వరుస లేదు. ఎక్కువ మెట్లు పెట్టినా తీరే సమస్య కాదిది. ఫ్రీబీఎస్‌డీ కెర్నల్ అంతస్తులకు అంకెలు వేసి, మధ్యలో కొత్తవి చొప్పించడానికి ఖాళీలు కూడా ఉంచింది. బోర్డును బట్టి వరుస మారితే ఆ ఖాళీలు కూడా ఏం చేయలేవు.

2012 మేలో వచ్చిన లినక్స్ 3.4లో గ్రాంట్ లైక్లీ రాసిన ఒక ఏర్పాటు చేరింది. దాని పేరు డిఫర్డ్ ప్రోబ్. డ్రైవర్ తనకు కావలసినది ఇంకా రాలేదని గమనిస్తే విఫలమయ్యానని చెప్పకుండా, తర్వాత పిలవమని 517 అనే సంఖ్యను తిరిగిస్తుంది. కెర్నల్ దాన్ని ఒక పక్క జాబితాలో పెడుతుంది. ఏ కొత్త డ్రైవర్ విజయవంతంగా లేచినా, ఆ జాబితాలో ఉన్నవాళ్లను మళ్లీ పిలిచి చూస్తుంది. వరుసను ముందే తేల్చాల్సిన బరువు చాలావరకు దిగిపోయింది. నా మటుకు నాకు లినక్స్ చరిత్రలో అతి తక్కువ వరుసలతో అతి ఎక్కువ మేలు చేసిన మార్పుల్లో ఇదొకటి. కానీ దీనికీ ఒక లోటు ఉంది. ఇంకా రానిదానికీ, ఎప్పటికీ రానిదానికీ డ్రైవర్‌కు తేడా తెలియదు. బోర్డు వర్ణనలో ఒక అక్షరం తప్పు పడితే, ఆ పరికరం లేని బంధువు కోసం జాబితాలోనే కూర్చుండిపోతుంది. తెరమీద పెద్ద ఎర్ర హెచ్చరికేమీ రాదు. యంత్రం లేస్తుంది, వైఫై మాత్రం ఉండదు.

ఆ తర్వాతి మెట్టు అసలైన మెట్టు. చిన్న యంత్రాల్లో చాలావాటిలో డివైస్ ట్రీ అనే ఒక వర్ణన ఉంటుంది. ఈ బోర్డు మీద ఏ చిప్పు ఏ బస్సు మీద ఉంది, దేనికి ఎక్కడి నుంచి కరెంటు వస్తుంది, దాని గడియారపు లయ ఎక్కడిది, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఎవరికి ఎవరు కావాలో అందులో ఉన్నప్పుడు డ్రైవర్లు తలుపు తట్టి వెనక్కి రావడం దేనికి, కెర్నలే ముందుగా చదువుకుని వరుస కట్టవచ్చు కదా. గూగుల్‌లో పనిచేస్తూ సరవణ కన్నన్ రాసిన ఎఫ్‌డబ్ల్యూ-డెవ్‌లింక్ చేసేది అదే. ఇచ్చేవాడు లేచేదాకా పుచ్చుకునేవాడిని పిలవదు. దీన్ని అందరికీ వర్తించేలా ఒకసారి పెట్టి, కొన్ని బోర్డులు లేవక వెనక్కి తీసుకుని, సరిచేసి, 2021లో వచ్చిన 5.13 వెర్షన్ నుంచి స్థిరపరిచారు. లేవని బోర్డుల్లో కొన్నిటి కథ విచిత్రం. వాటి డివైస్ ట్రీలో ఇద్దరు ఒకరి కోసం ఒకరు కాచుకుని ఉన్నారు. అలాంటి ముడిని ఎక్కడ తెంచాలో కెర్నల్‌కు నేర్పవలసి వచ్చింది. ఇంతా చేసి, ఇది పనిచేయాలంటే డివైస్ ట్రీలో నిజం రాసి ఉండాలి. రాయని బంధాన్ని ఏ కెర్నలూ ఊహించలేదు.

ఇప్పుడు బడి పెట్టె దగ్గరికి వద్దాం. అందులోని కెర్నల్ పాతది. గడియారం చిప్పు ఐ-టూ-సీ బస్సు మీద ఉంది. ఆ బస్సు డ్రైవర్‌ను కెర్నల్ లోపల కలపకుండా మాడ్యూల్ అనే విడి ఫైలుగా డిస్కు మీద ఉంచారు. డిస్కు తెరుచుకున్నాక గాని అది లేవదు. పాత కెర్నల్లో సమయం తీసుకునే పని లేట్ అంతస్తులో, డిస్కు తెరవకముందే, ఒకే ఒక్కసారి జరుగుతుంది. కాబట్టి ఆ పెట్టెలో గడియారం సమయానికి అందే అవకాశమే లేదు. 2019 చివర్లో లినక్స్‌కు రాసిన ఒక చిన్న ప్యాచ్ దీన్ని శుభ్రంగా తీర్చింది. సమయం తీసుకునే పనిని అంతస్తు నుంచి తప్పించి, గడియారం డ్రైవర్ నమోదయ్యే క్షణానికి ముడివేసింది. గడియారం ఎప్పుడొస్తే అప్పుడే సమయం. ముందు వచ్చినా, మాడ్యూల్‌గా వెనక వచ్చినా బాధ లేదు. సరఫరాదారు కొత్త కెర్నల్‌కు మారినా సరిపోయేది. పాతదాన్నే ఉంచుకుని బస్సు డ్రైవర్‌ను, గడియారం డ్రైవర్‌ను లోపల కలిపి కట్టినా సరిపోయేది.

వాళ్లు చేసింది వేరు. ఫిర్యాదులు పెరిగాక యంత్రం లేచే స్క్రిప్టులో ఐదు సెకన్లు ఆగమని ఒక వరుస, ఆ తర్వాత గడియారం చదవమని ఇంకో వరుస చేర్చి పంపారు. కొంతకాలం అది పనిచేసింది. ఏడాది గడిచేసరికి మెమరీ కార్డు పాతబడి నెమ్మదించింది. మాడ్యూల్ లోడు కావడానికి ఐదు సెకన్లు చాలలేదు. 1970 మళ్లీ మొదలైంది. ఈసారి రోజూ కాదు, అప్పుడప్పుడు. అప్పుడప్పుడు వచ్చే తప్పు రోజూ వచ్చేదానికంటే ప్రమాదం. మాస్టారు తేదీ చూడడం మానేశాక అది తిరిగొచ్చింది.

ఆ ఐదు సెకన్ల మీదే నా అభ్యంతరమంతా. ఆగడం వరుస కాదు. ఆగినంత సేపట్లో అవతలివాడు వచ్చేస్తాడన్న ఆశ అది. కొత్త కార్డుకు, ఆఫీసు గదిలోని వెచ్చదనానికి, నిండు వోల్టేజికి సరిపోయిన ఐదు సెకన్లు లంబసింగి చలిలో, అరిగిన బ్యాటరీ మీద సరిపోతాయని ఎవరు హామీ ఇస్తారు? ఐదును పది చేస్తారు, పదిని ముప్పై చేస్తారు. మీకు సరఫరాదారు నుంచి వచ్చే పరిష్కార నివేదికలో ఆలస్యం పెంచాం అనే మాట కనిపిస్తే దయచేసి ఆ నివేదికను వెనక్కి పంపండి. ఎవరికి ఎవరు కావాలో ఎక్కడ రాశారని అడగండి. అదొక్క ప్రశ్న చాలు. చేసినవాడు చూపిస్తాడు, చేయనివాడు నీళ్లు నములుతాడు.

అదే పెట్టెలో ఇంకో తప్పు కూడా ఉండేది. వైఫై కొన్నిసార్లు లేచేది, కొన్నిసార్లు లేదు. డివైస్ ట్రీ తెరిచి చూస్తే కారణం తెలిసింది. వైఫై చిప్పుకు కరెంటు ఇచ్చే రెగ్యులేటర్ పేరు ఆ చిప్పు వర్ణనలో లేదు. బోర్డు బొమ్మలో తీగ ఉంది, వర్ణనలో లేదు. కెర్నల్ దృష్టిలో ఆ రెండిటికీ చుట్టరికమే లేదు. రెగ్యులేటర్ ముందు లేచిన రోజు వైఫై ఉండేది, లేవని రోజు ఉండేది కాదు. ఒక్క వరుస చేర్చాక ఆ తప్పు పోయింది. బాగుచేయడానికి పట్టింది ఒక వరుస. దాన్ని కనిపెట్టడానికి కొండెక్కవలసి వచ్చిందంటే, డివైస్ ట్రీ మూలం మా చేతికి రావడానికే నెలలు పట్టింది గనుక. అది మొదటి రోజే బడి దగ్గర ఉండి ఉంటే ఫోన్లోనే తేలిపోయేది.

దూరంలో ఎవరో చేసిన మంచి పని కూడా వరుసను చెడగొట్టగలదు. 2019లో, లినక్స్ 5.3 విడుదలకు ముందు ఎక్స్‌ట్-4 ఫైల్‌సిస్టమ్‌లో ఒక మెరుగుదల వచ్చింది. డిస్కును తక్కువసార్లు చదివేలా చేశారు. మంచిదే. అయితే భద్రతకు కావలసిన యాదృచ్ఛిక సంఖ్యల కోసం కెర్నల్ పోగుచేసే అనిశ్చితిలో కొంత ఆ డిస్కు కదలికల నుంచే వచ్చేది. కదలికలు తగ్గేసరికి ఆ పోగు నిండలేదు. అది నిండేదాకా ఆగుతానని కూర్చున్న ప్రోగ్రాం ఆగిపోయింది. దానివెనక లాగిన్ తెర ఆగిపోయింది. కొన్ని కంప్యూటర్లు నిశ్శబ్దంగా అలాగే ఉండిపోయాయి. కీబోర్డు మీద నాలుగు మీటలు నొక్కితే అనిశ్చితి పెరిగి ముందుకు కదిలేవి. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ మెరుగుదలను తాత్కాలికంగా వెనక్కి తీసుకుని 5.3 విడుదల చేశారు. తర్వాతి వెర్షన్‌లో కెర్నల్ తన అనిశ్చితిని తానే పుట్టించుకునే ఏర్పాటు చేశారు. పట్నంలో మనిషి మీట నొక్కుతాడు. డుంబ్రిగుడ అవతల కొండమీద నిలబెట్టిన వాతావరణ పెట్టెకు మీట లేదు, నొక్కే మనిషీ లేడు. దాన్ని అప్‌డేట్ చేసే ముందు కింద ఎవరో ఒకరు ఆ కొత్త కెర్నల్‌ను మీటలు లేని బోర్డు మీద లేపి చూసి ఉండాలి.

మీ ప్రాంతానికే తెలిసిన ఒక పద్ధతిని గుర్తుచేస్తాను. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి ఉంది. ఆరు యూనిట్లు, 120 మెగావాట్లు, ఆంధ్ర, ఒడిశా ఉమ్మడి ఆస్తి. కింద ఎగువ సీలేరు, దిగువ సీలేరు ఉన్నాయి. గ్రిడ్ మొత్తం కుప్పకూలితే, 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన కూలినట్టు, బొగ్గు కేంద్రం తనంతట తాను లేవలేదు. దాని పంపులకు, ఫ్యాన్లకే బోలెడు కరెంటు కావాలి. బయటి సాయం పెద్దగా అక్కర్లేకుండా లేవగలిగేవి జలవిద్యుత్ యూనిట్లు. అందుకే అవి ముందు లేస్తాయి, ఫలానా లైను గుండా ఫలానా థర్మల్ కేంద్రానికి కరెంటు పంపుతాయి, అది లేచాక తర్వాతిది. దీన్ని బ్లాక్ స్టార్ట్ అంటారు. ఎవరి తర్వాత ఎవరు అన్నది లోడ్ డిస్పాచ్ కేంద్రాల్లో కాగితం మీద రాసి ఉంటుంది. గ్రిడ్ కోడ్ ప్రకారం దాన్ని అప్పుడప్పుడు నిజంగా నడిపి చూస్తారు కూడా. పది నిమిషాలు ఆగితే నీళ్లొచ్చేస్తాయిలే అని ఏ ఇంజినీరూ ఊరుకోడు. అరచేతిలో పట్టే బోర్డుకు నేను అడుగుతున్నదీ ఆ రెండే. రాసి ఉండాలి, నడిపి చూసి ఉండాలి.

ఇక మీరు చేయగలిగినవి. మొదటిది పరీక్ష. ఒక రిలే, ఒక టైమర్ ఉంటే యంత్రానికి కరెంటు ఆపడం, ఇవ్వడం రాత్రంతా తనంతట అదే జరుగుతుంది. లేచిన ప్రతిసారీ ఆ యంత్రం తేదీని, పరికరాల జాబితాను ఒక ఫైల్లో రాసుకుంటే చాలు, పొద్దున చూసుకోవచ్చు. కొన్నిసార్లు ఆపిన వెంటనే ఇవ్వాలి, కొన్నిసార్లు గంట ఆగి ఇవ్వాలి. ఆపిన వెంటనే ఇస్తే చిప్పుల్లో పాత స్థితి మిగిలి ఉండి తప్పును దాచేస్తుంది. పూర్తిగా చల్లబడ్డాక లేవడమే అసలు పరీక్ష. వాడిన మెమరీ కార్డుతో ఒకసారి, తక్కువ వోల్టేజితో ఒకసారి చేయించండి. కెర్నల్‌కు బూట్ సమయంలో ఇనిట్‌కాల్-డీబగ్ అనే మాట ఇస్తే ఏ ఫంక్షన్ ఎప్పుడు మొదలైందో, ఎంతసేపు తీసుకుందో వరుసగా రాసి పెడుతుంది. డివైసెస్-డిఫర్డ్ అనే ఫైలు తెరిస్తే ఎవరెవరు ఇంకా కాచుకుని ఉన్నారో తెలుస్తుంది. ఆ ఫైలు ఖాళీగా ఉండాలన్నది షరతుల్లో రాయదగ్గ మాట.

రెండోది మూలం. లినక్స్ కెర్నల్ జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్సు కింద ఉంది. దాని ప్రకారం ఆ కెర్నల్‌తో యంత్రం అమ్మినవారు కొన్నవారికి కెర్నల్ మూల కోడ్‌ను యంత్రంతో పాటే ఇవ్వాలి, లేదా కనీసం మూడేళ్లపాటు అడిగితే ఇస్తామని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. వ్యాపార రహస్యం అన్న మాట ఇక్కడ చెల్లదు. కొన్నవారు మీరు గనుక ఆ హక్కు మీది. కేంద్ర ప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను వాడుకోవడానికి ఒక విధానాన్ని కూడా ప్రకటించింది. కాబట్టి మీరు అడిగేది కొత్త వింతేమీ కాదు. కెర్నల్ మూలం, ఆ బోర్డు డివైస్ ట్రీ, కట్టడానికి వాడిన అమరిక ఫైలు ఈ మూడూ యంత్రాలు దిగిన రోజే మీ కార్యాలయంలో జమ కావాలని రాయించండి. బిల్లు చెల్లింపును దీనికి ముడివేస్తే ఆలస్యం ఉండదు.

మూడోది మనుషులు. దీనికి ఎక్కడి నుంచో నిపుణులు రానక్కర్లేదు. బూట్ లాగ్ చదవడం ఒక వారంలో నేర్పగలిగిన విద్య. పాడేరులో పాలిటెక్నిక్ విద్యార్థులున్నారు, అరకులోయలో డిగ్రీ కళాశాల ఉంది, విజయనగరంలో 2019లో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. ఒక చవక బోర్డు, దానికి ఒక గడియారం చిప్పు, ఒక సీరియల్ తీగ ఇచ్చి, బస్సు డ్రైవర్‌ను మాడ్యూల్‌గా పెడితే ఏమవుతుందో, లోపల కలిపితే ఏమవుతుందో వాళ్లనే చూడమనండి. తప్పును తామే పుట్టించి తామే దిద్దిన పిల్లకు లాగ్ అంటే భయం పోతుంది. ఆ పిల్ల పెదబయలులోనో హుకుంపేటలోనో ఉంటే, పెట్టె చెడినప్పుడు విశాఖ నుంచి జీపు వచ్చేదాకా బడి ఆగనక్కర్లేదు. లినక్స్‌కు ప్యాచ్ పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ కొండల మీద కనిపెట్టిన తప్పుకు మందు ఇక్కడి విద్యార్థి పేరుతోనే ఆ కెర్నల్లో చేరవచ్చు, ప్రపంచంలో ఆ బోర్డు ఉన్న ప్రతిచోటా పనిచేయవచ్చు.

డోలీలో గర్భిణిని మోసుకొచ్చే దారులింకా ఉండగా, రోడ్లు, మంచినీళ్లు, వైద్యం మిగిలి ఉండగా కెర్నల్ వరుస గురించి ఈ పట్టుదల ఏమిటని మీరు అడిగితే ఆ ప్రశ్న న్యాయమే. నా జవాబు ఒకటే. ఆ దారిలో నడిచేవాళ్ల పనులనే ఈ యంత్రాల మీద పెట్టాం. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) రేషన్ డిపోలో బియ్యానికి వేలిముద్ర కావాలి, పింఛనుకు వేలిముద్ర కావాలి, బడిలో హాజరు తెరమీద పడాలి. సిగ్నల్ కోసం మనుషులు కొండ ఎక్కిన సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. సిగ్నల్ ఉండి కూడా యంత్రం సగం లేచి నిలబడితే, కొండ దిగి వచ్చిన ముసలమ్మ ఖాళీ సంచితో మళ్లీ ఆ కొండే ఎక్కాలి. టవరు వేయడానికి డబ్బు కావాలి, కాలం పట్టాలి. ఈ తప్పు పోవడానికి టెండరు కాగితంలో ఒక పేరా చాలు.

పరీక్ష పేరాను తెలుగులో, ఇంగ్లీషులో రాసి, రిలే బొమ్మతో, లాగ్ ఎలా చదవాలో వివరంగా చెప్పి మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. వచ్చే విద్యాసంవత్సరానికి కొనే సామగ్రిలో ఏదైనా ఒక రకం యంత్రాన్ని ఎంచుకుని, టెండరు ఖరారు కాకముందే రెండు నమూనాలు తెప్పించండి. వాటిని పాడేరులోనే, సిమ్ లేకుండా, ఒక వారంపాటు రాత్రీ పగలూ లేపి చూద్దాం. కూర్చుని చూడడానికి పాలిటెక్నిక్ నుంచి ఇద్దరు విద్యార్థులను ఇప్పించండి. నేర్పే పని నాది, దానికి రుసుమేమీ అక్కర్లేదు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి
ఒక కెర్నల్ ఇంజినీరు